బొట్టు సంగతి తర్వాత, ముందు మీ అన్నయ్య సంగతి చూడండి

విజయవాడ సత్యనారాయణపురం నుంచి 57 ఏళ్ల తండ్రి ఒకాయన రాశారు. గుంటూరులో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్న 26 ఏళ్ల కూతురు రెండేళ్లుగా చర్చికి వెళ్తోంది, మొన్నీమధ్య బాప్తిస్మం కూడా తీసుకుంది. అప్పట్నుంచి ఆయన మాట్లాడటం మానేశారు. మాఘమాసంలో అన్నగారి కూతురి పెళ్లి. "బొట్టు పెట్టుకుని వస్తే రమ్మను, లేకపోతే తీసుకురావద్దు" అన్నారట అన్నగారు. అమ్మాయిని దారికి తెచ్చేదెలా, మతం మార్చినవాళ్ల మీద కేసు పెట్టొచ్చా, ఆస్తి ఇవ్వనంటే వింటుందా అని ఈయన ప్రశ్న.

కేసు, ఆస్తి ముందే తేల్చేస్తాను, అందులో నానబెట్టడానికేం లేదు. ఆమె మేజర్. నచ్చిన మతాన్ని నమ్మి ఆచరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. కేరళలో ఒక తండ్రి ఇలాగే కోర్టుకెక్కితే, చదువుకున్న పెద్దపిల్ల, మతమూ పెళ్లీ ఆమె ఇష్టం అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఆస్తి. మీ స్వార్జితం ఎవరికైనా రాసుకోండి. పిత్రార్జితంలో మాత్రం దేశమంతటా 2005 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది, మతం మారితే వాటా పోతుందనే మాటని తెల్లదొరల కాలంలోనే, 1850లో, చట్టం చేసి తీసేశారు. ఎవరైనా డబ్బు చూపించో భయపెట్టో మార్చారని మీ అనుమానమా? ఆ మాట పోలీసుల్ని కాదు, అమ్మాయిని అడగండి. ఇంతవరకూ అడగలేదని మీరే రాశారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "మా అన్నయ్య" అని పదకొండుసార్లు రాశారు. అమ్మాయి పేరు ఒక్కసారి కూడా లేదు, "అది" అని ఊరుకున్నారు.

మీ అన్నగారు మిమ్మల్ని చదివించారు, ఉద్యోగం వేయించారు, నాన్న పోయాక ఇల్లు నిలబెట్టారు. ఆ రుణం చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకూ చిరాకే. కానీ ఆ రుణం మీది, మీరు తీర్చుకోవాలి, కూతురి నుదుటి మీద బొట్టుతో తీరుస్తానంటే ఎలాగండీ? ఇంకో మాట. మీ ఆవిడకి కాన్పు కష్టమైతే గుణదల కొండ మీది మేరీమాతకి మొక్కుకుని, ఈ పిల్ల పుట్టువెంట్రుకలు ఆ కొండ కిందే తీయించామని మీరే రాశారు. కొబ్బరికాయ కూడా కొట్టే ఉంటారు, బెజవాడలో ఇటు దుర్గమ్మకి, అటు గుణదల మాతకి దండం పెట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు! అప్పుడు మీ అన్నగారు ఏమీ అనలేదు. ఇప్పుడు అన్నారు కాబట్టే మీకు ఇది తప్పయింది. ఆయన నవ్వి ఊరుకుని ఉంటే ఈ ఉత్తరం రాసేవారా? నిజం చెప్పండి.

మీరు స్నానానికి వెళ్లినప్పుడు మీ ఆవిడ డాబా ఎక్కి కూతురితో ఫోన్లో గుసగుసగా మాట్లాడుతోందని కోపంగా రాశారు. నాకైతే ఆ ఉత్తరం మొత్తంలో కడుపు తరుక్కుపోయింది అక్కడే. కన్నతల్లి దొంగలా మాట్లాడాల్సిన గతి పట్టించింది మీరు, చర్చి కాదు.

అమ్మాయిది ఏ తప్పూ లేదనను. బాప్తిస్మం అయిపోయాక వాట్సాప్‌లో ఫొటో పెట్టి చెప్పడం ఏం పద్ధతి? ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. కానీ ఎదురుగా చెప్పే వీలు మీ ఇంట్లో ఉందా?

మీ అన్నగారి ఇంటికి ఒక్కరే వెళ్లండి. ఫోన్లో వద్దు. "అన్నయ్యా, పెళ్లి పనులన్నీ నావి, కానీ వస్తే ముగ్గురం వస్తాం, బొట్టు దాని ఇష్టం" అని చెప్పండి. ఆయన అరుస్తారు, అరవనివ్వండి, కాళ్ల మీద పడకండి, ఎదురూ చెప్పకండి. పెళ్లికి రావాలా వద్దా అన్నది ఆ తర్వాత అమ్మాయి తేల్చుకుంటుంది.

దానికి ముందు గుంటూరు వెళ్లి రండి. గంట ప్రయాణానికి రెండేళ్లు పట్టింది మీకు. మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి, గోంగూర పచ్చడి ఆవిడే సర్దుకుంటుంది. ఆదివారం పొద్దున్నే మాత్రం వెళ్లకండి, చర్చిలో ఉంటుంది. భోజనాల వేళకి వెళ్లండి.