చూపు తక్కువున్న అమ్మాయి, బీటెక్ సీటు: కాలేజీకి ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అమ్మాయికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. పగటిపూట తన పని తను చేసుకుంటుంది. చీకటి పడితే నడవలేదు, పక్కనుంచి వచ్చేవి కనిపించవు, బోర్డు మీద రాసిందీ చిన్న అక్షరాలూ చదవడం కష్టం. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం వేశారు. ఇంటర్ దాకా వాళ్లమ్మ చదివి వినిపిస్తూ నెట్టుకొచ్చింది. పరీక్షల్లో స్క్రైబ్‌ని (చెబితే రాసిపెట్టే మనిషిని) గానీ, అదనపు టైమ్ గానీ ఎప్పుడూ అడగలేదు. పీహెచ్ కోటా పెట్టుకోకుండానే ఈఏపీసెట్‌లో ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది. కాలేజీలో చెబితే సీటుకి ఏమైనా ఇబ్బందా? రేపు ప్లేస్‌మెంట్లు పోతాయా? చుట్టాలేమో బీఏలో చేర్చెయ్యమంటున్నారు. మా బావగారబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, ఎంఎస్‌కి ఇక్కడికి పంపించండి అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు సీటు సంగతి. చూపు తక్కువని తెలిసిందని సీటు తీసేసే అధికారం కాలేజీకి లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు దివ్యాంగ విద్యార్థులను వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు, పరీక్షలో అదనపు టైమ్ లాంటి సర్దుబాట్లు చెయ్యాలనీ అందులో ఉంది. చెయ్యగలిగిన సర్దుబాటును నిరాకరిస్తే దాన్ని కూడా ఆ చట్టం వివక్షగానే చూస్తుంది. కాలేజీ ప్రైవేటుదా, ప్రభుత్వానిదా అనేది ఇక్కడ అడ్డు కాదు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. కోటా వేరు, సర్దుబాటు వేరు. ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల రిజర్వేషన్ ప్రభుత్వ కాలేజీలకూ, ప్రభుత్వ సాయం అందుకునే వాటికీ చట్టం పెట్టిన బాధ్యత. మీ అమ్మాయి దాన్ని వాడుకోకుండా తన ర్యాంకుతోనే సీటు తెచ్చుకుంది, సంతోషం. అలాగని పరీక్షలో అదనపు టైమ్ అడిగే హక్కు పోలేదు. ‘కోటా తీసుకోలేదు కదా, ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాం’ అని చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతారు. అడగడానికి కావలసింది సర్టిఫికెట్. ఏ కోటాలో చేరారన్నది దీనికి సంబంధం లేని విషయం.

చెప్పాలా, దాచాలా అని ఒకే ముక్కలో తేల్చకండి. ఎవరికి చెప్పాలో విడివిడిగా చూడండి. ప్రిన్సిపాల్‌కీ, ఎగ్జామ్ బ్రాంచ్‌కీ కాగితం మీద చెప్పి తీరాలి, అదీ చేరిన మొదటి నెలలోనే. హెచ్‌ఓడీకీ, ల్యాబ్ చూసే లెక్చరర్లకూ అవసరమైనంత వరకు చెప్పాలి. క్లాస్‌మేట్లకు చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా అమ్మాయి ఇష్టం. కంపెనీలకు ఎప్పుడు చెప్పాలనేది మూడో ఏడాదిలో తను ఆలోచించుకునే విషయం. దాని గురించి ఇవాళ మీరు నిద్ర పాడుచేసుకోవద్దు.

మొదటి నెలలోనే ఎందుకంటే, బీటెక్‌లో మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు, చూస్తుండగానే వచ్చేస్తాయి. పరీక్ష వారం ముందు అర్జీ పట్టుకెళ్తే ‘ఈసారికి రాసెయ్యమ్మా, వచ్చే సెమ్‌కి చూద్దాం’ అంటారు. అటానమస్ కాలేజీ అయితే పరీక్షలు వాళ్లే పెట్టుకుంటారు కాబట్టి పని అక్కడే తేలుతుంది. యూనివర్సిటీ పరీక్షలు రాసే అఫిలియేటెడ్ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ ద్వారా ఫైలు యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లి రావాలి, దానికి టైమ్ పడుతుంది. మీది ఏదో చేరిన రోజే అడిగి తెలుసుకోండి.

పరీక్షల్లో ఏం అడగాలన్న దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. చూపు సమస్య అనగానే అందరూ ‘స్క్రైబ్‌ని పెట్టుకోండి’ అంటారు. మీ అమ్మాయి ఇంతవరకూ తన చేత్తోనే రాసింది. డేటా స్ట్రక్చర్స్ పేపర్లో బొమ్మలు గీస్తూ, కోడ్ రాస్తూ ఆలోచించేవాళ్లకు, పక్కన కూర్చున్న మనిషికి అవన్నీ నోటితో చెప్పడం ఇంకో పరీక్ష. ముందు తనని అడగండి. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు స్క్రైబ్‌ని తీసుకోకపోయినా మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇవ్వవచ్చని ఉంది. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, కంప్యూటర్ మీద రాయడం కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నవే. నియమాలు మారుతుంటాయి, ఇప్పటివి ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఒకసారి సరిచూసుకోండి. నాకైతే మీ అమ్మాయికి అదనపు గంట, 18 లేదా 20 పాయింట్ల అక్షరాలతో ప్రశ్నపత్రం, వెలుతురు బాగా పడే సీటు, ఈ మూడూ సరిపోతాయనిపిస్తోంది. సీటు అన్నానని చిన్నగా తీసుకోకండి. ట్యూబ్‌లైట్ వెనకనుంచి పడి తన నీడే పేపర్ మీద పడితే, అదనపు గంట ఇచ్చినా లాభం ఉండదు.

స్క్రైబ్ కావాలనే అనుకుంటే ఆ 2018 మార్గదర్శకాల్లో ఒక మెలిక ఉంది. పూర్తి అంధత్వం, రెండు చేతులూ దెబ్బతినడం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే చాలు, ఇస్తారు. లో విజన్ వాళ్లు మాత్రం, రాయడానికి ఇబ్బంది ఉందనీ స్క్రైబ్ తప్పనిసరనీ ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటో, సివిల్ సర్జనో, చీఫ్ మెడికల్ ఆఫీసరో సంతకం చేసిన పత్రం విడిగా తేవాలి. సదరం సర్టిఫికెట్ ఒక్కటీ చూపిస్తే వెనక్కి పంపేది ఇందుకే. స్క్రైబ్ చదువు మీ అమ్మాయి చదువు కంటే తక్కువ స్థాయిలో ఉండాలి కాబట్టి క్లాస్‌మేట్‌ని తెచ్చుకోవడం కుదరదు. పక్క జూనియర్ కాలేజీలో తెలిసినవాళ్లు ఉంటే మంచిది.

సర్టిఫికెట్‌లో 38 శాతం వచ్చి ఆగిపోయినవాళ్లు కూడా ఇది చదువుతూ ఉంటారు, వాళ్ల కోసం ఒక మాట. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం లేదని స్క్రైబ్ కాదనడం చెల్లదంది. ఆ యువకుడికి ఉన్నది రైటర్స్ క్రాంప్, రాస్తుంటే చెయ్యి పట్టేసే సమస్య. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడానికి ఇబ్బందిపడే వాళ్ల కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్ల దారి కష్టమే గానీ, మూసుకుపోలేదు.

ఇక ఫస్టియర్. సీఎస్‌ఈ కదా, అంతా కంప్యూటర్ మీదే అని ధైర్యంగా ఉండేవాళ్లని ముందు కంగారు పెట్టేది కోడింగ్ కాదు, ఇంజనీరింగ్ డ్రాయింగూ వర్క్‌షాపూ. సన్న పెన్సిల్ గీతలు, మినీ డ్రాఫ్టర్ మీద చిన్న అంకెలు, ఫిట్టింగ్ షాపులో ఆకురాయి, హ్యాక్‌సా. బ్యాక్‌లాగ్ వచ్చేది ఇక్కడే. డ్రాయింగ్ సార్‌ని మొదటి వారంలోనే కలిసి, ముదురు గీతలకు లావు లెడ్ వాడనివ్వమనీ, వీలైన షీట్లు ఆటోక్యాడ్‌లో పెద్ద స్క్రీన్ మీద చెయ్యనివ్వమనీ అడగాలి. వర్క్‌షాప్‌లోనూ, సోల్డరింగ్ ఉండే ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోనూ పక్కన ల్యాబ్ అసిస్టెంట్ ఉండాలి. ఇవేవీ మార్కులు ఊరికే వెయ్యమని అడగడం కాదు. షీట్ తనే గియ్యాలి, వైవా తనే చెప్పాలి.

క్లాసుల్లో పెద్ద ఖర్చేమీ లేదు. పీపీటీ ముందురోజు మెయిల్ చెయ్యమనాలి. బోర్డుని ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి అనుమతి అడగాలి, చాలా కాలేజీల్లో ఫోన్ నిషేధం కాబట్టి దీన్ని కాగితం మీదే తీసుకోవాలి. విండోస్‌లో మాగ్నిఫయర్ ఉంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం) ఉచితం. ప్రోగ్రామింగ్‌కి వాడే వీఎస్ కోడ్‌లో హై కాంట్రాస్ట్ థీమ్‌లూ, స్క్రీన్ రీడర్ సదుపాయమూ ఉన్నాయి. మీ అమ్మాయికి ఇప్పుడు చూపుతోనే పని నడుస్తున్నా, ఈ వేసవిలోనే ఎన్‌వీడీఏ మొదలుపెట్టించండి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చూపు సంవత్సరాల మీద తగ్గుతూ రావచ్చు, అది మీకు డాక్టర్లు చెప్పే ఉంటారు. చెవితో కోడ్ చదవడం అవసరం మీదపడ్డాక నేర్చుకునే కంటే, కళ్లు సాయం చేస్తున్నప్పుడే నేర్చుకోవడం తేలిక. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో విజన్ రిహాబిలిటేషన్ విభాగం ఉంది. మందు కోసం మాత్రమే కాకుండా, ఉన్న చూపుని ఎలా వాడుకోవాలో, చీకట్లో కర్రతో ఎలా నడవాలో నేర్చుకోవడానికి ఒకసారి తీసుకెళ్లండి. కర్ర అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయని నాకు తెలుసు. హాస్టల్ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకోవడం కంటే కర్ర నయం.

పుస్తకాల సంగతి కూడా తెలుసుకోండి. టెక్స్ట్‌బుక్ స్కాన్ చేసి వినే రూపంలోకి మార్చుకుంటే కాపీరైట్ గొడవ వస్తుందేమోనని లైబ్రేరియన్లు తటపటాయిస్తారు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, చూపులేని వాళ్ల కోసం అలా మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఇలా మార్చిన పుస్తకాలు దొరుకుతాయి.

డబ్బు విషయం క్లుప్తంగా. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వాళ్ల సక్షమ్ స్కాలర్‌షిప్ ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో టెక్నికల్ కోర్సు చదివేవాళ్లకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చెయ్యాలి. ఫస్టియర్‌లో గడువు దాటనివ్వకండి. ల్యాప్‌టాప్, మంచి మానిటర్ ఖర్చులు అందులో వెళ్లిపోతాయి.

చుట్టాల బీఏ సలహా. బీఏ తక్కువ చదువేమీ కాదు, అమ్మాయికి చరిత్రో రాజనీతిశాస్త్రమో ఇష్టమైతే నేనే చేర్చమనేవాణ్ని. కానీ మ్యాథ్స్ ఇష్టపడి, ఈఏపీసెట్ రాసి, సీఎస్‌ఈ సీటు తెచ్చుకున్న పిల్లని ‘నీకు ఈజీ’ అంటూ ఇంకో కోర్సులోకి నెట్టడం ఎందుకు? పైగా చదవడం అక్కడేమీ తగ్గదు, పేజీలు ఇంకా ఎక్కువ. మచిలీపట్నం దగ్గరి ఊళ్లో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పూర్తిగా చూపు లేకపోయినా ఇంటర్‌లో ఎంపీసీ చదవడానికి కోర్టుకెక్కి గెలిచి, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదువుకున్నారు. ఆయన పేరు చెప్పి పిల్లల్ని ఉత్సాహపరచడం ఇప్పుడు మామూలైపోయింది. నాకు దానిమీద ఒక పేచీ ఉంది. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం కోసం ఏ పిల్లా హీరో కానక్కర్లేదు. మామూలుగా చదివి, డెబ్బై శాతంతో పాసై, మామూలు ఉద్యోగం చేసుకునే హక్కు కూడా మీ అమ్మాయికి ఉంది.

ప్లేస్‌మెంట్లకు వద్దాం. మీరు దాచినంత మాత్రాన అక్కడ ఇబ్బంది తప్పదు. కంపెనీలు పెట్టే ఆన్‌లైన్ టెస్టుల్లో చాలావరకు కాపీ కొట్టకుండా నిఘా పెట్టే ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్ వేరే ప్రోగ్రాముల్ని అడ్డుకుంటుంది. మాగ్నిఫయర్ తెరిస్తే కాపీ కొడుతున్నారని లెక్కేసే ప్రమాదం ఉంది. అంచేత కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూసే టీపీఓకి ముందే చెప్పి, టెస్టు పెట్టే కంపెనీకి మెయిల్ పెట్టించుకోవాలి. కొన్ని కంపెనీలు వెనకాడతాయి, అది నిజం, అలా జరగదని మీకు మాటివ్వలేను. అయితే అక్షరం కనపడక టెస్టు పోగొట్టుకోవడం కంటే, చెప్పి రాసి గెలవడానికే అవకాశం ఎక్కువ. ప్రభుత్వ ఉద్యోగాల దారి కూడా ఉంది. అక్కడి 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం అంధులకూ, లో విజన్ వాళ్లకూ విడిగా ఉంది.

అమెరికా గురించి మీ బావగారబ్బాయి చెప్పింది తప్పు కాదు, కానీ సగమే. అక్కడ యూనివర్సిటీల్లో డిసెబిలిటీ సర్వీసెస్ అని ఒక ఆఫీసే ఉంటుంది. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం 504వ సెక్షన్, 1990 నాటి అమెరికా దివ్యాంగుల చట్టం (ఏడీఏ) దాని వెనక ఉన్నాయి. మన దగ్గరిలా సీట్ల కోటా ఉండదు. అడగాల్సింది విద్యార్థే, తండ్రి ఫోన్ చేస్తే మాట్లాడరు. ఎంఎస్ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈకి అదనపు టైమ్ కావాలన్నా ముందుగా పత్రాలు పంపి అనుమతి తెచ్చుకోవాలి. ఇదివరకు ఎక్కడెక్కడ ఏ సౌకర్యం వాడుకున్నారో చూపించగలిగితే అక్కడ పని తేలికవుతుంది. ఇక్కడ నాలుగేళ్లూ దాచిపెడితే అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు.

అర్జీ ఎలా రాయాలంటే, ఒక్క పేజీ దాటకూడదు, జాలి మాటలు ఉండకూడదు. కాలేజీ ఆఫీసుల్లో ఇంగ్లిష్‌లో ఇస్తే ఫైలు తొందరగా కదులుతుంది, సారాంశం మాత్రం ఇది:

‘ప్రిన్సిపాల్ గారికి. నేను సీఎస్‌ఈ మొదటి సంవత్సరం విద్యార్థినిని. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల నాకు 40 శాతం దృష్టి లోపం ఉంది, సర్టిఫికెట్ జతచేశాను. మిడ్, సెమిస్టర్ పరీక్షల్లో మూడు గంటలకు ఒక గంట చొప్పున అదనపు సమయం, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, వెలుతురున్న సీటు కోరుతున్నాను. ల్యాబ్‌లలో సహాయకులు, తరగతిలో బోర్డును ఫొటో తీసుకునే అనుమతి కూడా కావాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ఈ అభ్యర్థన చేస్తున్నాను.’

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు స్టాంపూ తేదీ వేయించుకోవాలి. నోటిమాటగా ‘సరేనమ్మా, చూస్తాం’ అన్నది పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌కి తెలియదు. జవాబు రాకపోతే కాలేజీలో ఈక్వల్ ఆపర్చ్యునిటీ సెల్ ఉందేమో అడగండి, తర్వాత యూనివర్సిటీకి రాయండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యవచ్చు. చాలాసార్లు అంతదాకా పోదు. కాలేజీ వాళ్లకు చెడ్డ ఉద్దేశం కంటే, ఇంతవరకు ఎవరూ అడగలేదన్న కంగారే ఎక్కువ ఉంటుంది.

ఆ అర్జీ మీరు పట్టుకెళ్లకండి సార్. మీరు బయట బెంచీ మీద కూర్చోండి, లోపలికి అమ్మాయినే వెళ్లనివ్వండి. రెండుసార్లు తడబడుతుంది, మూడోసారి మీకంటే బాగా మాట్లాడుతుంది.

అంతకంటే ముందు ఈ వారంలో ఒక పని: సదరం సర్టిఫికెట్ తీసి అది పర్మనెంటా, టెంపరరీనా చూడండి. ముదిరే జబ్బులకు గడువు పెట్టి ఇవ్వడం ఉంటుంది. గడువు దగ్గరపడి ఉంటే సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకోండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే దానికీ ఇప్పుడే అప్లై చెయ్యండి. స్లాట్ దొరకడానికి ఎన్ని రోజులు పడుతుందో మీ ఊళ్లో అడిగితే వాళ్లే చెబుతారు, అందుకే ఈ వారం అంటున్నాను.