ప్లాస్టిక్ తగలకుండా ఎస్ప్రెసో చేసుకోవాలంటే ఏ మేకర్ కొనాలి?

ఇద్దరికి సరిపడా ఎస్ప్రెసో రావాలి, కాఫీకి ప్లాస్టిక్ తగలకూడదు, ఏది కొనమంటారని అడిగారు. రెండేళ్లు ఇదే వెతుక్కున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు నేను కొన్నది పంపు ఉన్న కరెంటు మెషీన్. పైకి చూస్తే అంతా స్టీలే. ఓ రోజు అడుగునుంచి నీళ్లు కారుతుంటే రిపేరు చేసే అబ్బాయి మా డైనింగ్ టేబుల్ మీదే వెనక మూత విప్పాడు. ట్యాంకు ప్లాస్టిక్, పంపు ప్లాస్టిక్, మధ్యలో సన్నటి గొట్టాలు. కాఫీని రెండు ధారలుగా దించే ముక్కు కూడా గోటితో గీకి చూస్తే ప్లాస్టిక్కే! ఆ రోజు నుంచి దాంట్లో కాఫీ తాగబుద్ధి కాలేదు.

అందుకే మెషీన్ పైమెరుపు చూడకండి. వేడి నీళ్లు ఏ దారిన వెళ్తున్నాయో చూడండి. పిడి ప్లాస్టిక్‌దైనా నాకు బెంగ లేదు, అది కాఫీకి తగలదు కదా.

ఇప్పుడు మా ఇంట్లో స్టీలు మోకా పాట్ ఉంది. అది స్టవ్ మీద పెట్టే చిన్న పాత్ర, అడుగున నీళ్లు వేడెక్కి ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకెక్కి కాఫీ అవుతాయి. 1933లో ఇటలీలో బియాలెట్టి కంపెనీ తెచ్చిన అసలు రకం అల్యూమినియంది, అది ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు. స్టీలుదాంట్లో కాఫీకి తగిలేవాటిలో లోహం కానిది వాషరు ఒక్కటే. అది గట్టిపడితే మార్చేయాలి. నీళ్లు అడుగు గిన్నె పక్కనుండే సేఫ్టీ వాల్వ్ కిందివరకే పోయండి, పొడిని అదమకండి. మంట అడుగు దాటి బయటికి రాకూడదు. పెద్ద బర్నరు మీద పెట్టి నేను పిడి కొస కరిగించుకున్నాను. బుసబుసమని శబ్దం రాగానే దించేయాలి, ఆలస్యమైతే చేదెక్కుతుంది.

ఒక్క మాట, మోకా పాట్‌లో వచ్చేది అసలు ఎస్ప్రెసో కాదు. ఎస్ప్రెసోకు 9 బార్ల ఒత్తిడి కావాలి, దీంట్లో 1, 2 బార్లే ఉంటుంది. పైన క్రీమా, అంటే ఎస్ప్రెసో మీద తేలే బంగారు రంగు నురగ, నిలవదు. కానీ పాలు కలుపుకుని తాగేవాళ్లకు, చిక్కటి డికాషన్‌కు అలవాటుపడ్డ నాలుకకు ఇది చాలు.

క్రీమా ఉండాల్సిందే అంటే చేత్తో నొక్కే రకానికి వెళ్లండి. స్నేహితుడి దగ్గర కేఫ్‌లాట్ రోబోట్ అనే అలాంటి మేకర్ తెచ్చుకుని నెల రోజులు వాడాను. స్టీలు బాస్కెట్‌లో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, దాని రెండు పక్కలా ఉన్న పిడులను కిందికి నొక్కితే స్టీలు పిస్టన్ దిగుతుంది. సిలికాన్ సీలు తప్ప ప్లాస్టిక్ జాతి ఏదీ తగలదు. ధర ఎక్కువే, కానీ పంపు లేదు, కరెంటు లేదు, పాడయ్యేది పెద్దగా ఏమీ లేదు. నీళ్లు కాచే కెటిల్ మూత తిప్పి కూడా ఒకసారి చూడండి. చాలావాటికి మూత లోపలివైపు ప్లాస్టిక్కే ఉంటుంది. నేను స్టవ్ మీద స్టీలు గిన్నెలోనే కాచుకునేవాణ్ణి.