దెబ్బ తగిలినవాడి చేయి పట్టి చూడు

బిడ్డా,

వరికోత మిషన్ తీసుకున్నావని, యాసంగి కోతలకు పరకాల చుట్టుపక్కల ఊర్లన్నీ తిరుగుతావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. నీ వెంట నలుగురు పిల్లలు పనిచేస్తారట. బెల్టులు, చైన్లు, పొలాల్లో తిరగబడే ట్రాక్టర్లు, రాత్రిపూట బండ్ల మీద రాకపోకలు. ఎంత పైలంగా ఉన్నా ఏదో ఒక రోజు ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. మొన్న పెళ్ళిలో నువ్వు అడిగావు కదా, బొగ్గుబాయిలో కాలు విరిగినప్పుడు ఎట్లా అనిపించిందని. అంతమందిలో చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను.

బొగ్గుబాయిలో సర్దార్‌గా, అంటే కూలీల పనిని, భద్రతను చూసుకునేవాడిగా, చేయాలంటే ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉండాలి. అట్లా షాక్ గురించి చదివాను. కరెంటు షాక్ కాదు, దెబ్బకు రక్తం పోయి మెదడుకు, ఒంటికి చాలినంత అందని పరిస్థితి అది. తోటివాళ్ళకు కట్లు కట్టాను, స్ట్రెచర్ మోశాను. కానీ దాని లోపల ఉండి చూడటం మాత్రం సైడు నుంచి బొగ్గు పెళ్ళ విరిగి నా తొడ మీద పడిన రోజే.

మొదట నొప్పి లేదు. దబ్బున తాకింది, కాలు మొద్దుబారింది, అంతే. తొడ నడిమధ్య వంకర పోయింది, పాదం బయటివైపు ఒరిగిపోయింది. చూస్తే అది నా కాలు అనిపించలేదు. "నాకేం కాలే, లేవనీయండి" అన్నాను. టోపీ లైటు ఎక్కడ పడిందో వెతకమని అరిచాను. అప్పుడు నన్ను చూసినవాళ్ళెవరైనా మనిషి బాగానే ఉన్నాడనుకుంటారు.

కాసేపటికి చలి మొదలైంది. బాయి లోపల బనియన్ పిండితే నీళ్ళు కారేంత ఉక్కపోత. అందులో నాకు పళ్ళు కొట్టుకున్నాయి. నుదుటి మీద చెమట, అది కూడా చల్లగా, జిగటగా. ఆ వెంటనే దాహం. ఎండలో పనిచేస్తే వేసే దాహం కాదు, నాలుక అంగిటికి అతుక్కుపోయి మాట కూడా రాదు. నీళ్ళ క్యాన్ పక్కనే ఉంది, దాని మీద నుంచి చూపు తిప్పలేకపోయాను. నాతో పనిచేసే అన్న ఒక్క గుక్క ఇవ్వలేదు, తడిగుడ్డతో పెదవులు తుడిచాడంతే. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, కప్పిన దుప్పటి తీసి పడేశాను. మెదడుకు రక్తం చాలకపోతే మనిషి అట్లాగే కుదురు లేకుండా కొట్టుకుంటాడు. నీ పిల్లల్లో ఎవరైనా దెబ్బ తగిలాక నీ మీదికే గొడవకు వస్తే మనసులో పెట్టుకోకు, వెంటనే నాడి చూడు.

ఊపిరి ఎంత తీసినా చాలదు. ఆవులింతల మీద ఆవులింతలు. చుట్టూ ఉన్న లైట్లు మసకబారాయి, పక్కన కూర్చున్నవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వినబడ్డాయి. అప్పుడు భయం పట్టుకుంది. ఇల్లు, పిల్లలు ఏదీ గుర్తుకు రాలేదు. పోతున్నానని ఒంటికే తెలిసిపోయినట్టు ఉంటుంది. దెబ్బ తగిలినవాడు "నేను బతకను" అంటే "ఛ, ఊరుకో" అని కొట్టిపారేయకు. డాక్టర్లు కూడా ఆ మాటను ఒక గుర్తుగానే తీసుకుంటారు. చివరికి ఆ భయం కూడా పోయి నిద్ర ముంచుకొచ్చింది. హాయిగా ఉంటుంది బిడ్డా, నన్నిట్లా వదిలేస్తే చాలనిపిస్తుంది. చూసేవాళ్ళేమో హమ్మయ్య, శాంతించాడు అనుకుంటారు. అరుస్తున్న మనిషి ఉన్నట్టుండి మెత్తబడ్డాడంటే పరిస్థితి ఇంకా దిగజారిందని తెలుసుకో.

ఇంత జరిగినా నా ఒంటి మీద చెప్పుకోదగ్గ నెత్తురు లేదు. 60 కిలోల మనిషిలో రక్తం 4 లీటర్ల పైచిలుకు ఉంటుంది. రక్తదానంలో 350 మిల్లీలీటర్లు ఇచ్చి టీ తాగి ఇంటికి వచ్చేస్తాం. తొడ ఎముక విరిగితే లీటరు నుంచి లీటరున్నర దాకా తొడ కండలోనే చేరిపోవచ్చు. కటి ఎముక విరిగితే ఇంకా ఎక్కువ. బండి హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద గుచ్చుకుని అక్కడ లోపల ఉండే ప్లీహం అనే రక్తంతో నిండిన అవయవం పగిలినా, ట్రాక్టర్ చక్రం కడుపు మీద ఎక్కినా అంతే, పైన గీత కూడా ఉండకపోవచ్చు.

రక్తం తగ్గగానే ఒళ్ళు గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి చర్మానికి, పేగులకు పోయే నాళాలను బిగిస్తుంది, గుండెను ఉరికిస్తుంది. చేతులు చల్లబడేది, ముఖం పాలిపోయేది అందుకే. ఈ సర్దుబాటు వల్లనే సుమారు 30 శాతం రక్తం పోయేదాకా బీపీ నిలబడుతుంది. ఊర్లో ఎవరైనా మిషన్ పెట్టి "బీపీ నార్మలే ఉంది, పొద్దున పోదాం" అంటే వినకు. వయసు పిల్లల ఒళ్ళు ఎక్కువసేపు తట్టుకుంటుంది, తట్టుకోలేనప్పుడు ఒక్కసారిగా కూలిపోతుంది.

కాబట్టి వాడు ఏం చెప్పినా సరే, నువ్వు చేయి పట్టుకో. చల్లగా, చెమటగా ఉందా? మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నీ రెండు వేళ్ళు పెట్టి నాడి చూడు. నీ బొటనవేలితో చూస్తే దాని నాడే నీకు తగులుతుంది. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యి. మామూలుగా 60 నుంచి 100 ఉంటుంది. పడుకోబెట్టి ధైర్యం చెప్పినా వంద దాటే ఉంటే అనుమానించు. 120 దాటి సన్నగా దారంలా తగిలితే ఒక్క నిమిషం కూడా ఆగకు. మణికట్టులో అసలే దొరకకపోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. వేలి గోరు 5 సెకన్లు నొక్కి వదులు, 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. చలికాలం తెల్లవారుజామున మాత్రం ఆ గోరు పరీక్షను నమ్మలేం. మనది నల్లటి ఒళ్ళు, ముఖం చూస్తే పాలిపోయింది తెలియదు, కింది పెదవి లోపలివైపు, కనురెప్ప లోపల చూడాలి. 5 నిమిషాలకోసారి మళ్ళీ చూసి ఫోన్‌లో రాసుకో. నాడి 90 నుంచి 110కి, అక్కడి నుంచి 125కి పోతోందంటే లోపల ఇంకా కారుతోందన్నమాట. గుండెకో బీపీకో మందులు వాడే పెద్దవాళ్ళలో కొన్ని మాత్రలు నాడిని పెరగనివ్వవు, అది కూడా గుర్తుంచుకో.

నెత్తురు చూసి కళ్ళు తిరిగి పడేవాళ్ళు వేరు. వాళ్ళకు నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెడితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకోకపోతే షాక్ అనే అనుకో.

ఇక చేయాల్సింది. కారే నెత్తురును ముందు ఆపాలి. శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద పెట్టి అరచేతితో బలమంతా పెట్టి నొక్కు. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకు, తడిసిపోతే దాని మీదనే ఇంకోటి పెట్టు. పసుపు, కాఫీ పొడి అద్దనివ్వకు. చేయో కాలో చైన్లో పడి నెత్తురు చిమ్ముతూ, నొక్కినా ఆగకపోతే గాయానికి పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ చుట్టి కట్టె పెట్టి మెలితిప్పి బిగించు. ఎన్ని గంటలకు కట్టావో వాడి నుదుటి మీద పెన్నుతో రాయి. దవాఖానాకు చేరేదాకా దాన్ని వదులు చేయొద్దు. వైరు, సన్నతాడు కట్టారంటే కండ కోసుకుపోతుంది.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టు. వాంతి అవుతుంటేనో, స్పృహ తప్పి ఊపిరి ఆడుతుంటేనో పక్కకు తిప్పు. కాలో నడుమో విరిగిందని అనుమానముంటే కాళ్ళు ఎత్తిపెట్టకు. కింద ఒక దుప్పటి, పైన ఒకటి. ఒళ్ళు చల్లబడితే నెత్తురు గడ్డకట్టడం కూడా మందగిస్తుంది, అందుకే ఎండాకాలమైనా కప్పాలి. నీళ్ళు, సోడా, కల్లు, ఏదీ నోట్లో పోయనివ్వకు. వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. చుట్టాలు నిన్ను రాయి మనిషి అంటారు, అననీ. నాకు నీళ్ళివ్వని ఆ అన్న అంటే ఈరోజుకీ నాకు దండం పెట్టాలనిపిస్తుంది. నా నాడి మీద నుంచి వేళ్ళు తీయకుండా సర్ఫేస్ దాకా స్ట్రెచర్ పక్కనే నడిచాడు.

108కు వెంటనే చెయ్యి. ఊరి పేరుతో పాటు బండి పొలం గట్టు దాకా రాగలదో లేదో చెప్పి, ఒక పిల్లవాణ్ణి రోడ్డు మీద నిలబెట్టు. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, కూర్చుంటే మెదడుకు అందే కాస్త రక్తం కూడా అందదు. నెత్తురు పోయినవాడికి బ్లడ్ బ్యాంక్, ఆపరేషన్ థియేటర్ ఉన్న దవాఖానా కావాలి, వరంగల్ ఎంజీఎం లాంటిది. నెత్తురు పోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది, దెబ్బ తగిలిన 3 గంటల లోపల పడితేనే మేలు, ఎంత తొందరగా పడితే అంత మంచిది. రోడ్డు మీద ఎవరో పడి ఉన్నా కేసు అవుతుందని జంకకు. మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఏ సెక్షన్ తెచ్చారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు.

మిషన్ క్యాబిన్‌లో ఒక డబ్బా పెట్టుకో. ఉతికిన తువ్వాళ్ళు నాలుగు, రెండు దుప్పట్లు, వెడల్పాటి బ్యాండేజీ రోల్స్, అరచేతి పొడవు గట్టి కట్టె, మార్కర్ పెన్ను, టార్చిలైటు. నలుగురి బ్లడ్ గ్రూపులు, వాళ్ళ ఇండ్ల ఫోన్ నంబర్లు డబ్బా మూతకు అతికించు. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని హన్మకొండకు రా. నాడి చూడటం, గుడ్డ బిగించడం చేతితో చేసి చూపిస్తాను. పెద్దమ్మ మధ్యాహ్నానికి అందరికీ వండుతానంటోంది.

నీ పెద్దబాపు