పాఠకుల సందేహాలు: వేసిన పోస్టు ఎన్నాళ్ళుంటుంది?

ప్రశ్న: పదేళ్ళకు పైగా పాత బెజవాడ గురించి ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను. వన్‌టౌన్ వీధులు, కాలవ గట్లు, మూతపడిన సినిమా హాళ్ళు, అన్నీ ఫొటోలతో సహా. "అదంతా నీటి మీద రాత, పుస్తకం వేసుకోండి" అంటాడు మా అబ్బాయి. నిజమేనంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది మాస్టారూ. 2004లో మొదలైన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసేసింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్ 29 నాటి నిషేధంతో ఆగిపోయింది. మూతపడటం దాకా అక్కర్లేదు, నిబంధన మారినా చాలు: 2025 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి, ఆ తర్వాత తీసేస్తున్నారు. బీసెంట్ రోడ్డులో కొట్టు అద్దెకు తీసుకుని పేరు తెచ్చుకోవచ్చు గానీ, ఇంటి దస్తావేజులు ఆ కొట్టులోనే వదిలెయ్యం కదా.

కాబట్టి ముందు సరుకు ఇంటికి తెచ్చుకోండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కు వెళ్ళి, యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్ నొక్కితే సమాచారం డౌన్‌లోడ్ లేదా ఎక్స్‌పోర్ట్ చేసుకునే దారి కనిపిస్తుంది. అక్కడ మూడు చోట్ల చాలామంది దెబ్బతింటారు. కాలవ్యవధి మొదటినుంచీ అని మార్చకపోతే ఇటీవలివే వస్తాయి. ఫొటోల నాణ్యత 'హై' అని పెట్టాలి. ఫైలు రకం హెచ్‌టీఎంఎల్ ఎంచుకోవాలి. అక్కడే ఉండే రెండో రకం, జేసన్, ఎంచుకుంటే ఆ ఫైలు తెరిచినప్పుడు తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు సిద్ధమయ్యాక లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది, రాగానే దింపుకోండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఆ హార్డ్‌డిస్కు వేరే ఇంట్లో.

ఇంత చేసినా రెండు రావు. మీ పోస్టుల కింద ఇతరులు రాసిన వ్యాఖ్యలు ఆ ఫైల్లో ఉండవు. పాత ఊరి విషయంలో అసలు నిధి అక్కడే ఉంటుంది: "ఆ హాలు పక్కనే మా తాతగారి సోడా కొట్టు" అన్న ఒక్క వాక్యం ఏ గెజిటీర్లోనూ దొరకదు. ముఖ్యమైన పోస్టులు తెరిచి, వ్యాఖ్యలన్నీ విప్పి, పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. ఓపిక కావాలి, వేరే దారి లేదు. రెండోది ఫొటో. ఫేస్‌బుక్ పెద్ద ఫొటోలను సాధారణంగా పొడుగువైపు 2048 పిక్సెళ్ళకు కుదిస్తుంది. అంగుళానికి 300 చుక్కల అచ్చుకు అది ఏడంగుళాలు కూడా రాదు. అసలు ఫొటోలు ఫోన్లోనో ఆల్బంలోనో ఉంటే వాటినే వాడండి. ఫొటో తీసిన తేదీ వివరం కూడా ఎక్కించేటప్పుడే రాలిపోతుంది, కనుక ఫైలు పేరులోనే ఏడాది, చోటు రాయండి.

పుస్తకం ఆలోచన మంచిదే, మొత్తం వెయ్యకండి. పోస్టులుగా బాగున్నవి పుస్తకంలో పునరుక్తిగా తేలతాయి; వందలో ముప్పై నిలిస్తే గొప్ప. మీరు రాసింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి. పుస్తకం పేజీలు కూర్చే డీటీపీవాళ్ళు దాన్ని 'అను' అనే పాత తరహా ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, అంకెలు చెదిరే ప్రమాదం ఉంది. మార్చిన తర్వాతే ప్రూఫు దిద్దండి, ముందు దిద్దింది లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పన్నెండు వేలమంది ఫాలోవర్లు ఉన్నారు గానీ కొత్త ఆవకాయ అని పెడితే రెండు మూడు వందలమందికి కూడా చేరడం లేదు. డబ్బు కట్టి ఫాలోవర్లను పెంచుకోమంటున్నారు. పెంచుకోమంటారా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. కొన్న ఫాలోవర్లు పచ్చడి కొనరు. పైగా ఆ లెక్కలో మీ అసలు కొనుగోలుదార్లు ఎందరో మీకే తెలియకుండా పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2016లోనే పోస్టులను పెట్టిన వరసలో చూపించే పద్ధతి వదిలి, ఎవరికి ఏది నచ్చుతుందో తానే అంచనా వేసి చూపించడం మొదలుపెట్టింది. ఫాలో అయినంత మాత్రాన మీ పోస్టు కనిపిస్తుందన్న హామీ లేదు.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ప్రతి ఆర్డరుకూ పేరు, ఫోను, ఊరు, పిన్‌కోడు, ఏ పచ్చడి, ఎన్ని కిలోలు, ఏ నెల. ఇంకో గడి ముఖ్యం: "మా గురించి ఎలా తెలిసింది?" మూడు నెలలు రాస్తే రీల్సు వల్ల ఎన్ని వచ్చాయో, తెలిసినవాళ్ళు చెప్పడం వల్ల ఎన్ని వచ్చాయో తేలిపోతుంది. వీడియోల మీద పెట్టే శ్రమ ఎంత ఉండాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు. కొత్తవాళ్ళకు ముఖం చూపించడానికి ఇన్‌స్టాగ్రామ్ పనికొస్తుంది, అది కాదనను. రెండోసారి కొనిపించేది మాత్రం ఆ నోటుబుక్కే.

ఆ నోటుబుక్కులోని వాళ్ళకు కబురు పంపడానికి వాట్సాప్ ఉంది. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు. అయితే మీ నంబరు తమ ఫోన్లో దాచుకున్నవాళ్ళకే ఆ సందేశం వెళుతుంది. చాలామందికి ఇది తెలియక "పంపాను, ఒక్కరూ పలకలేదు" అనుకుంటారు. డబ్బా మీద అంటించే లేబుల్లోనే "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని అచ్చు వేయించండి. మామిడికాయ దిగే ముందు ఒకసారి, పచ్చడి ఊరాక ఒకసారి పంపితే చాలు. రోజూ పంపితే బ్లాక్ చేస్తారు.

ఇంకో జాగ్రత్త. ఖాతా మీ నంబరు మీద, మీ మెయిలు మీద ఉండాలి. పేజీ చేసిపెట్టిన కుర్రాడి మెయిలు మీద ఉంటే, అతను ఊరు మారిన రోజున మీ చేతిలో ఏమీ ఉండదు. రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి. "మీ పేజీ తొలగిస్తున్నాం, ఇక్కడ నొక్కండి" అని వచ్చే సందేశాలన్నీ మోసమే అనుకోండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యాలి.

ప్రశ్న: మా వీధి కాలవ పొంగుతున్న ఫొటో పెడితే నాలుగొందల లైకులు వచ్చాయి. పని మాత్రం జరగలేదు. సోషల్ మీడియాకు నిజంగా పలుకుబడి ఉందా?
– డిగ్రీ విద్యార్థి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఉంది, కానీ లైకుకు రసీదు ఉండదు. ముందు ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి, కార్పొరేషన్‌కైనా, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనైనా. తర్వాత పెట్టే పోస్టులో ఆ నంబరు, ఇచ్చిన తేదీ, డివిజను, వీధి పేరు ఉండాలి. అప్పుడు అధికారి జవాబు చెప్పవలసిన కాగితం ఒకటి ఉంటుంది, పోస్టు దానికి ఒత్తిడి తెస్తుంది. ఉత్త ఫొటో అయితే అందరూ అయ్యో అని ముందుకు జరుపుతారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మీ ప్రాంతమే మునిగింది కనుక ఇంకో మాట. ఆపదలో పంపే సందేశంలో తేదీ, గంట, గుర్తుపట్టే చోటు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఫోను నంబరు ఉండాలి. గంట రాయని సందేశం సాయం అందాక కూడా తిరుగుతూనే ఉంటుంది, ఇంకెక్కడికో వెళ్ళవలసిన పడవను దారి మళ్ళిస్తుంది. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకే. ఫార్వర్డ్ అయిన కాపీలు దానితో పోవు. "సాయం అందింది" అని అదే గ్రూపులో రాయడం సందేశం పంపినవాళ్ళ బాధ్యత.

ప్రశ్న: మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో గుడ్ మార్నింగులే తప్ప మాట లేదు. బయటికి వచ్చేయనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: మ్యూట్ చేసి ఉండండి. ఉద్యోగం కబుర్లు దగ్గరివాళ్ళ కన్నా ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువగా వస్తాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెట్టర్ 1973లో చెప్పారు. ఉద్యోగాల పరిచయాల సైటు లింక్డిన్‌లో 2 కోట్లమందిపై జరిగి, 2022లో వెలువడిన ప్రయోగ ఫలితాలు కూడా దాదాపు అదే చూపాయి. మరీ దూరపు పరిచయాల కంటే కొంచెం దగ్గరివి ఎక్కువ పనికొచ్చాయి. మీ బ్యాచ్ సరిగ్గా ఆ కోవ. గుడ్ మార్నింగుకు జవాబివ్వక్కర్లేదు, ఏడాదికి ఒకసారి నలుగురికి ఫోను చెయ్యండి.

ప్రశ్న: నాన్నగారు పోయి ఏడాదైంది. ఆయన పుట్టినరోజు అంటూ ఫేస్‌బుక్ అందరికీ గుర్తుచేస్తోంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మరణ ధ్రువపత్రం జతచేసి, ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని ఫేస్‌బుక్‌కు అర్జీ పెట్టండి. రాసినవి, ఫొటోలు అలాగే ఉంటాయి, పుట్టినరోజు గుర్తులు ఆగుతాయి. ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లాగిన్ కాలేరు. కాబట్టి మీకు కనిపించే ఆయన ఫొటోలను అర్జీకి ముందే దాచుకోండి. మీ సొంత ఖాతాకు మాత్రం ఇప్పుడే లెగసీ కాంటాక్ట్, అంటే మీ తర్వాత ఖాతా చూసుకునే మనిషిని, పెట్టుకోండి. వాళ్ళు మీ సందేశాలు చదవలేరు, భయం లేదు. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, మీరు ఖాతా వాడటం ఆగాక ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు అది. ఎన్నాళ్ళు వాడకపోతే అలా చెయ్యాలో, 3 నుంచి 18 నెలలలోపు గడువు మీరే పెట్టుకోవచ్చు. నాన్నగారి సిమ్ మాటేమిటో కూడా చూడండి: రీఛార్జి లేక నంబరు రద్దయితే 90 రోజుల తర్వాత అది ఇంకొకరికి వెళ్ళవచ్చు. బ్యాంకు, పెన్షన్ ఖాతాల పని పూర్తయ్యేదాకా దాన్ని బతికించి ఉంచండి.