“మా కోడలు వాళ్ళలా కాదు”

ప్రశ్న: మాది కురుపాం దగ్గర ఒక గూడెం. జాతాపు గిరిజనులం. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, నర్సింగ్ చేసి, విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నాను. ప్రేమ పెళ్ళి. అత్తమామలతోనే ఉంటున్నాం. అత్తయ్య చెడ్డమనిషి కాదు. నాకు టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని జావ తాగించారు. కానీ చుట్టాల ముందు “ఏజెన్సీ పిల్ల అన్నమాటే గానీ మా కోడలు వాళ్ళలా కాదు, ఎంత శుభ్రమో” అంటారు. మొన్న సిరిమాను పండగకి మా అమ్మానాన్నలు వచ్చారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ, వాళ్ళిద్దరికీ పేపరు గ్లాసుల్లో. మా ఆయన చూసి కూడా ఊరుకున్నారు. అడిగితే “పెద్దావిడ, పట్టించుకోకు” అన్నారు. ఆ రాత్రి నాలుగేళ్ళ మా పాప “అమ్మమ్మ చేతులు మురికా?” అని అడిగింది. అత్తయ్య వంటింట్లో ఉంటే నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతాయి. పాలు పొంగబెట్టేస్తాను, గిన్నెలు జారవిడుస్తాను. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: లేదమ్మా, మీరు ఎక్కువ ఆలోచించడం లేదు. ఇంట్లో గ్లాసులు చాలక పేపరువి తీశారనుకుందామంటే, అవి సరిగ్గా మీ అమ్మానాన్నల చేతికే ఎందుకు వచ్చాయి? మీకు కలిగిన బాధ న్యాయమైనదే.

మీ అత్తగారు జావ తాగించిన మాటా నిజమే, గ్లాసులు వేరు చేసిన మాటా నిజమే. చిన్నచూపు ఉన్నవాళ్ళంతా కఠినులని మనం అనుకుంటాం కాబట్టి, ప్రేమగా ఉండే మనిషి అలా చేస్తే మన కళ్ళనే అనుమానిస్తాం. ఆవిడకి మీ మీద ఉన్నది ప్రేమే. గిరిజనుల మీద ఉన్నది చిన్నప్పటి నుంచి విని నమ్మిన అభిప్రాయం. రోజూ మిమ్మల్ని చూస్తూ కూడా అది మారలేదంటే, మనసు ఒక ఉపాయం కనిపెట్టిందన్నమాట: మిమ్మల్ని “వాళ్ళ” లోంచి తీసేసి విడిగా పెట్టుకుంది. అప్పుడు మీరు ఎంత మంచిగా ఉన్నా ఆ అభిప్రాయానికి దెబ్బ తగలదు. “వాళ్ళలా కాదు” అనేది మెచ్చుకోలులా వినబడినా, అందులో మీ అమ్మకి అవమానం ఉంది. కాబట్టి ఇంకా శుభ్రంగా, ఇంకా ఓపిగ్గా ఉండి ఆవిణ్ణి మార్చాలని చూడకండి. మీరు అలసిపోవడమే తప్ప ఫలితం ఉండదు.

చేతులు వణకడం గురించి మీరు సిగ్గుపడుతూ రాసినట్టున్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో స్కూలు మగపిల్లలకి కాగితం మీద దారి కనుక్కునే పజిళ్ళు ఇచ్చారు. కులం బయటపెట్టనంతసేపూ కింది కులాల పిల్లలు మిగతావాళ్ళతో సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివాక, ఆ పిల్లలే తక్కువ పజిళ్ళు చేయగలిగారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. నలుగురూ మనల్ని ఏ దృష్టితో చూస్తున్నారో తెలిశాక, ఎంత వచ్చిన పనైనా తడబడుతుంది. పసిపిల్లల సన్నటి నరానికి సూది పెట్టే చేతులు మీవి. వంటింట్లో అవి వణుకుతున్నాయంటే లోపం ఆ చేతుల్లో లేదు.

నాకు అన్నిటికంటే దిగులుగా ఉన్నది పాప ప్రశ్న. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తలైన దంపతులు చిన్న చిన్న నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి మంచిది ఏదని అడిగితే, ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. ఆ వయసులోనే పెద్దల చూపు పిల్లలకి అంటుకుంటుంది. అమ్మమ్మని మురికి అనుకున్న పిల్ల రేపు తనని తాను ఏమనుకుంటుంది? “ఊరుకో, అలా అనకూడదు” అని నోరు మూయించకండి. “అమ్మమ్మ చేతులు శుభ్రమైనవే. గ్లాసు వేరుగా ఇవ్వడం తప్పు” అని తేలిక మాటల్లో చెప్పండి. సెలవుల్లో గూడెంలో నాలుగు రోజులు ఉంచండి. అమ్మమ్మతో కొండకి వెళ్ళి, చింతపండు పిక్క తీసి వచ్చిన పిల్లకి ఆ అనుమానం ఎక్కువ కాలం నిలవదు.

ఇక మీవారు. గట్టిగా చెప్పాల్సింది ఆయనకే. ఆయన మౌనాన్ని వాళ్ళమ్మ సమ్మతి అనుకుంటుంది, మీ నాన్న కూడా అలాగే అనుకుంటారు. ఆయనతో “మీ అమ్మకి కులపిచ్చి” అని మొదలుపెడితే కొడుకుగా అడ్డం తిరుగుతారు. ఆ రోజు జరిగింది మాత్రమే చెప్పండి: “అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, మా అమ్మానాన్నలకి మాత్రం పేపరు గ్లాసుల్లో ఇచ్చారు. నువ్వు చూశావు.” తర్వాత ఒక్క పని అడగండి. ఈసారి వాళ్ళు వచ్చినప్పుడు అందరికీ ఒకే రకం గ్లాసుల్లో టీ ఆయనే తెచ్చి ఇవ్వాలి, పక్కన కూర్చుని తాగాలి. ఎవరైనా ఏమన్నా అంటే జవాబు ఆయనే చెప్పాలి.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆ మెచ్చుకోలు మళ్ళీ వస్తే నవ్వుతూనే “ఈ శుభ్రం మా అమ్మ నేర్పిందే అత్తయ్యా” అనండి, ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు: ఊరికే కలుసుకుంటే చిన్నచూపు పోదు, సమాన హోదాలో, ఒకే పని కోసం, పెద్దల మద్దతుతో కలిస్తే తగ్గుతుందని. మీ ఇంట్లో ఇద్దరమ్మలూ ఇంతవరకూ ఇచ్చే మనిషిగా, పుచ్చుకునే మనిషిగానే కలిశారు. సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టండి. మామగారు “వదినగారూ, రండి” అని ముందుగా పిలిస్తే ఇంకా మంచిది. ఆ మాట మామగారికి మీవారి చేత చెప్పించండి.

ఇంత చెప్పినా మీవారు కదలకపోతే, మీ అమ్మానాన్నల్ని ఆ ఇంటికి పిలవకండి. మీరే పాపని తీసుకుని వెళ్ళి చూసి రండి. ఎందుకు పిలవడం లేదో మాత్రం ఆయనకి దాచకుండా చెప్పండి. వేరు కాపురం మాట అప్పుడు ఆలోచించవచ్చు.