ఫిట్స్ వచ్చాయని నర్సింగ్ మానేయాలా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. వరుసగా నైట్ డ్యూటీలు చేశాక రెండుసార్లు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అంతకుముందు నుంచే పొద్దున చేతులు ఉలిక్కిపడి బ్రష్ జారిపోయేది. డాక్టర్ మాత్రలు రాశారు. కాలేజీలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తేనే రానిస్తామన్నారు. ఇంట్లోనేమో సంబంధాలు రావు, ఎవరికీ చెప్పొద్దు, వేరే కోర్సులో చేరు అంటున్నారు. నేను నర్సు కాలేనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: అవుతారమ్మా, ఎందుకు కాలేరు? మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికి సరైన మందులతో ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. మీరు రాసిన లక్షణాలు, అంటే చిన్న వయసులోనే మొదలవడం, పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడటం, నిద్ర చాలనప్పుడు ఫిట్స్ రావడం చూస్తే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే ఒక రకం మూర్ఛ కావచ్చనిపిస్తోంది. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించి, న్యూరాలజిస్ట్ (నరాల డాక్టర్) మిమ్మల్ని చూశాకే ఖాయంగా చెప్పగలం. చేతులు ఉలిక్కిపడే సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఏ మాత్రలు వాడుతున్నారో మీరు రాయలేదు. కార్బమజెపైన్ అనే మందు ఈ రకంలో ఉలికిపాట్లను పెంచవచ్చు. వాల్‌ప్రొయేట్ అనే ఇంకో మందు బాగా పనిచేస్తుంది కానీ గర్భం వస్తే బిడ్డకు హాని చేస్తుంది, కాబట్టి మీ వయసు అమ్మాయిలకు వీలైనంతవరకు వేరే మందు చూస్తాం. ఇవి చదివి మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, అలా ఆపితే ఫిట్స్ ఇంకా ఎక్కువ కావచ్చు.

ఇక సర్టిఫికెట్. ‘ఫిట్’ అని ఒక్క ముక్క రాసిచ్చే కాగితం మీకు పనికిరాదు, అది పట్టుకెళ్తే మర్నాడే మళ్లీ వరుస నైట్స్ వేస్తారు. ‘అన్‌ఫిట్’ అంటే చదువే పోతుంది. ఏమేం చేయగలరో, ఏం సర్దుబాట్లు కావాలో, ఎంతకాలం కావాలో, మళ్లీ ఎప్పుడు చూడాలో వివరంగా రాసివ్వమని మీ న్యూరాలజిస్ట్‌ని అడగండి. నేనైతే ఇలా రాస్తాను: ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా నైట్స్ వద్దు, పగలు లేదా సాయంత్రం షిఫ్టు వేయండి, షిఫ్టులు మాటిమాటికీ మార్చకండి, ఐసీయూలో ఒంటరిగా వదలకండి. ఉలికిపాట్లు పూర్తిగా ఆగేదాకా ఇంజెక్షన్లు ఇవ్వడం, పసిపిల్లల్ని ఎత్తుకోవడం ఒంటరిగా చేయకూడదని కూడా రాస్తాను. ఇది మీకు కష్టంగా అనిపించవచ్చు, కానీ మంచం మీదున్న రోగి క్షేమం కూడా మనం చూడాలి కదా.

సర్దుబాటు అడగడమంటే డ్యూటీ ఎగ్గొట్టడం కాదని మీ ప్రిన్సిపాల్‌గారికి స్పష్టంగా చెప్పండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు 100 శాతం పూర్తి కావాలి, కాబట్టి ఇప్పుడు మానిన గంటల్ని తర్వాత చేసి తీరాలి. ఫిట్స్ ఆగాక, డాక్టర్ సరేనంటే, వరుసగా కాకుండా ఒక్కో నైట్ చొప్పున, ఆ రోజు పగలు ముందుగా బాగా నిద్రపోయి చేయొచ్చు.

చట్టం కూడా చూద్దాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేదు, అందుకే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ దొరకడం కష్టం కావచ్చు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. 2021లో వికాస్ కుమార్ కేసులో రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే జబ్బు) ఉన్న అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేకపోయినా, పరీక్ష రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఎంబీబీఎస్ సీటు కేసులోనైతే, వైకల్యం శాతం చూసి కాదు, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది వైకల్యాన్ని పరీక్షించే వైద్యుల బోర్డు కారణాలతో సహా రాయాలని తీర్పిచ్చింది. మీ కేసు వీటితో అచ్చంగా సరిపోలకపోయినా, రాతపూర్వకంగా అడగడానికి ఇవి బలమైన ఆధారాలు.

అమ్మానాన్నల భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచిపెడితే జరిగేదేంటంటే, మీరు మాత్రలు చాటుగా వేసుకుంటారు, ఒకటీ అరా మర్చిపోతారు, నైట్ వేస్తే కాదనలేరు, అప్పుడు వార్డులోనే ఫిట్స్ వస్తాయి. అందరికీ చెప్పక్కర్లేదు. ప్రిన్సిపాల్, ఒక మేడమ్, రూమ్మేట్, ఈ ముగ్గురికి చెబితే చాలు. పెళ్లి విషయానికొస్తే, హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు పెళ్లికి అడ్డంకిగా మూర్ఛ ప్రస్తావన ఉండేది, 1999లో తీసేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పండి.

రూమ్మేట్‌కి ఇది నేర్పండి: ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, టైమ్ చూడాలి, నోట్లో స్పూన్ గానీ చేతిలో తాళాలు గానీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు లోపల గడియ పెట్టకండి, బంక్ బెడ్ అయితే కింది మంచం అడగండి.

అన్నీ ఇచ్చినా కాలేజీవాళ్లు కాదంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. దాన్ని జతచేసి ముందు హెల్త్ యూనివర్సిటీకి, అక్కడా పని జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి అర్జీ పెట్టండి.