జేబు టార్చి: ఎక్కువ వెలుగు చూసి కొనకండి, తక్కువ వెలుగు చూసి కొనండి

సందేహం: నాది రాత్రి డ్యూటీ. బస్సు దిగాక ఇంటికి కిలోమీటరున్నర పొలాల పక్కన మట్టిబాటలో నడవాలి. ఎక్కువ, తక్కువ అని రెండు స్థాయిల్లో వెలిగే చిన్న టార్చి ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకుందామనుకుంటున్నాను. చూసిన రెండింటిలో ఒకదాని మీద 10,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అనీ, రెండోదాని మీద 250 అనీ ఉంది. ధర ఇంచుమించు ఒకటే. మొదటిదే మేలు కదా?

జవాబు: కాదు. వానకాలం వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది, ప్రతిసారీ పోలిక ల్యూమెన్ల మధ్యే ఉంటుంది. ఒక టార్చి నిజంగా 10,000 ల్యూమెన్లు ఇవ్వాలంటే దానికి సుమారు వంద వాట్లు కావాలి. అరచేతిలో ఇమిడే గొట్టం ఆ వేడిని ఒక్క నిమిషం కూడా తట్టుకోలేదు. అలాంటి అంకెను డబ్బా మీద అచ్చువేసినవారు మిగతా అంకెలు మాత్రం నిజాయితీగా వేసి ఉంటారని నేను నమ్మను. పైగా కాంతి నాలుగింతలైతే కంటికి సుమారు రెండింతలైనట్టు మాత్రమే తోస్తుంది కాబట్టి, 250కీ 350కీ మధ్య తేడా మీ బాటలో మీకు తెలియనే తెలియదు.

మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: తక్కువ స్థాయిలో ఎంత వెలుగుతుంది, ఎన్ని గంటలు వెలుగుతుంది? అడుగు తీసి అడుగు వేయడానికి, తాళం కప్ప వెతకడానికి, ఇంట్లో వాళ్ళు లేవకుండా వంటింట్లోకి వెళ్ళడానికి 10 నుంచి 20 ల్యూమెన్లు చాలు. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్కసారి పెద్ద వెలుగు ముఖాన పడితే ఆ అలవాటంతా పోతుంది. గట్టు మీద ఏదో కదిలిన చప్పుడైనప్పుడు మాత్రమే పెద్ద స్థాయి కావాలి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే కాబట్టి, నీలి ఛాయ కొట్టే తెల్లని వెలుగు కంటే 4,000 నుంచి 5,000 కెల్విన్ల (వెలుగు రంగు కొలత) మధ్య ఉండే, నీలీ పసుపూ కాని మధ్యస్థ తెలుపును ఎంచుకోమని చెబుతాను. ఆ వెలుగులో మట్టి రంగు, ఎండుటాకు రంగు, పాము ఒంటి రంగు దేనికది విడివిడిగా కనబడతాయి.

గంటల లెక్క మీరే వేసుకోవచ్చు. 2,000 ఎంఏహెచ్, 1.2 వోల్టులు ఉన్న రీఛార్జబుల్ పెన్సిల్ సెల్లులో (ఏఏ సైజు) ఉండే శక్తి 2.4 వాట్-అవర్లు. అంటే 200 ల్యూమెన్ల దగ్గర గంట, 10 ల్యూమెన్ల దగ్గర పదిహేను గంటలకు పైనే. డబ్బా మీద ఇంతకంటే చాలా ఎక్కువ కనబడిందంటే దానికి కారణం ఉంది. టార్చిల కొలతలకు 2009లో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, వెలుగు మొదట ఉన్నదానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమంతా వెలిగిన సమయమే. 250తో మొదలై ఐదు నిమిషాల్లో 80కి దిగి, చివరి రెండు గంటలు 30 దగ్గర కొట్టుకున్నా దాన్ని మూడు గంటల టార్చి అనే రాయవచ్చు.

ఇక స్విచ్ సంగతి. నొక్కగానే పూర్తి వెలుగు, మళ్ళీ నొక్కితే సగం, మళ్ళీ నొక్కితే మిణుకు మిణుకు, ఆపాలంటే ఇవన్నీ దాటుకుని వెళ్ళాలి. ఇలాంటి తయారీని నేను క్షమించలేను. అర్ధరాత్రి పసిబిడ్డ పక్కన ఆ స్విచ్ నొక్కవలసివచ్చే మనిషిని తయారుచేసినవారు ఒక్కసారైనా తలచుకున్నట్టు లేదు. మొదటి నొక్కుకు తక్కువ, రెండో నొక్కుకు ఎక్కువ, ఇంకేమీ లేని టార్చి దొరికితే అదే కొనండి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది లోపలి లిథియం సెల్లు. చాలా టార్చిలలో వాడే 18650 సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని అడుగు భాగమే మైనస్ అని అందరూ అనుకుంటారు, కానీ ఆ లోహపు డబ్బా ఒళ్ళంతా మైనస్సే. పైనున్న ప్లస్ బొడిపెకూ ఆ డబ్బా అంచుకూ మధ్య ఉన్నది ఒక చిన్న వలయమూ, పలచని ప్లాస్టిక్ తొడుగూ మాత్రమే. ఆ తొడుగు అంచున గోరంత చిరిగిన స్పేర్ సెల్లును తాళంచెవులున్న జేబులో వేసుకుంటే, ఒక చెవి అడ్డంగా పడడమే ఆలస్యం, క్షణాల్లో సెల్లు కాలిపోయే వేడికి చేరుతుంది. కాబట్టి స్పేర్ సెల్లు పెట్టుకుంటే ప్లాస్టిక్ డబ్బీలోనే పెట్టుకోండి. విమానంలో కూడా స్పేర్ లిథియం సెల్లులను లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఈ సైజు సెల్లులలో బాగా అమ్ముడయ్యే మంచివి 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతాయి, మంచి సెల్లు 45 గ్రాముల అటూ ఇటూ తూగుతుంది. 9,900 అని రాసి ఉండి చేతికి తేలిగ్గా తగిలిన సెల్లును ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోవద్దు. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అనే లిథియం సెల్లు కూడా దొరుకుతుంది. నిండా ఛార్జ్ అయితే అది 4.2 వోల్టులు ఇస్తుంది. 1.5 వోల్టుల కోసం చేసిన టార్చిలో అది చక్కగా పడుతుంది, లోపలి సర్క్యూట్ కాలిపోతుంది.

జేబులో తనంతట తాను వెలగడం మరో ప్రమాదం. కిందటేడు రైలు ప్రయాణంలో నా భుజం సంచిలోంచి కాలిన వాసన వచ్చి తెరిచి చూస్తే, పుస్తకం ఒత్తిడికి స్విచ్ నొక్కుకుపోయి టార్చి పూర్తి వెలుగుతో మండుతోంది. అద్దానికి ఆనుకున్న నల్ల గుడ్డ రూపాయి బిళ్ళంత మేర కరిగిపోయింది. అప్పటినుంచి సంచిలో వేసే ముందు వెనక మూతను పావు చుట్టు వదులు చేస్తున్నాను. మరలకు గట్టి పూత ఉన్న టార్చిలలో ఆ పావు చుట్టుతోనే కరెంటు తెగిపోతుంది. మీరు కొనేదానిలో అది పనిచేస్తుందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

మీ విషయానికి వస్తే, ఒకే ఒక్క రీఛార్జబుల్ పెన్సిల్ సెల్లుతో నడిచే రెండు స్థాయిల టార్చి మీకు సరిపోతుంది. ఛార్జర్ విడిగా ఉంటుంది, సెల్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. మీరు చూసిన 250 ల్యూమెన్ల టార్చిలో లిథియం సెల్లు ఉంటే, సెల్లు మీద లిథియం సెల్లుల భద్రతకు భారత ప్రమాణమైన ఐఎస్ 16046 ముద్ర ఉందో లేదో చూడండి. సీ టైప్ పోర్టు ఉంటే రెండు చివరలా సీ ఉన్న కేబుల్‌తో కూడా ఛార్జ్ అవుతుందో లేదో అక్కడే పరీక్షించండి. రూపాయి కూడా చేయని రెండు చిన్న రెసిస్టర్లు మిగుల్చుకోవడం కోసం ఆ సౌకర్యాన్ని వదిలేసిన తయారీలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఇప్పటికే ఉబ్బిన సెల్లు ఏదైనా ఉంటే దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, రెండు చివరలకూ టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.